వల్లకాట్లో తాతగారు

చిత్రగిరి అనే ఒకానొక రాజ్యాన్ని రణభైరవ భూపతి ఏలుతుండేవాడు. భైరవుడంటే ఎవరు? శ్మశానంలో కాపురముండే దేవుడు. ఆ దేవుడి పేరు పెట్టుకున్న మన భూపతికి మాత్రం శ్మశానమంటే వల్లమాలిన భయం. భయపడటం తప్పు కాదు. భయపడే మనిషి నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటే ఎవరికీ నష్టం లేదు. తన భయానికి ఇంకొకరి వీపు అప్పజెప్పేవాడితోనే చిక్కంతా.

కోటకు తూర్పున పాత వల్లకాడు ఉండేది. ఒకప్పుడు రాజులకూ కూలివాళ్లకూ అదొక్కటే. రాజులవైపు రాతి సమాధులు, మిగతావాళ్లవైపు మట్టి దిబ్బలు. తర్వాత రాజకుటుంబం ఏటి ఒడ్డున కొత్త శ్మశానం కట్టించుకుని, పాతదాన్ని జిల్లేళ్లకూ నాగజెముళ్లకూ వదిలేసింది. రాకపోకలు తగ్గాక అక్కడ దయ్యాలున్నాయని పుకారు పుట్టింది. తెల్లచీర కనబడిందని ఒకరు, గజ్జెల చప్పుడు వినబడిందని ఇంకొకరు. చూసినవాళ్లెవరని నిలదీస్తే, "నేను చూళ్లేదు, మా తోడల్లుడు చూశాడట" అనేవాళ్లు. తోడల్లుణ్ణి అడిగితే అతను మేనత్త పేరు చెప్పేవాడు.

వల్లకాటి పక్కనే మేదరవాడ. వెదురు చీల్చి బుట్టలూ చాటలూ అల్లుకుని బతికే జనం. ఇన్నేళ్లుగా ఆ గోడ పక్కనే వండుకుని తిని పడుకుంటున్న వాళ్లకు ఒక్క దయ్యమూ కనబడలేదు. కోటలో పట్టుపరుపు మీద పడుకునేవాళ్లకు మాత్రం అన్నీ కనబడేవి.

ఒకరోజు పొద్దున్నే రణభైరవ భూపతి కొత్త గుర్రమెక్కి వేటకు బయల్దేరాడు. అడవికి దగ్గరి దారి వల్లకాటి పక్క నుంచే. భయం కనబడనివ్వకూడదని భటులను వెనక వదిలి గుర్రాన్ని దౌడు తీయించాడు. జెముడు పొదలోంచి ఒక కౌజుపిట్ట బుర్రున లేచింది. గుర్రం బెదిరింది. రాజు కళ్లెం వదిలేసి గుర్రం మెడ కావలించుకున్నాడు. గుర్రానికి ఆ ప్రేమ నచ్చలేదు. దొరవారు వెళ్లి ముళ్ల మీద పడ్డారు.

వల్లకాట్లోంచి ఒక ఆడమనిషి పరుగెత్తుకొచ్చింది. పేరు బంగారి. మేదరవాడ కోడలు.

"అయ్యో దొరా! కదలకండి, ముల్లు లోపలికి దిగిపోద్ది" అంటూ ఆయన్ను లేపి కూర్చోబెట్టి, ఒక్కొక్క ముల్లూ తీసి, తన ముంతలో నీళ్లు తాగించింది. భటులు వచ్చేసరికి రాజు లేచి నిలబడి మీసం సర్దుకుంటున్నాడు.

బంగారి మంచిపని చేసింది. రాజు పడుతుంటే చూడటమొక్కటే ఆమె చేసిన నేరం.

కోటకు చేరాక రాజుగారి నడుం పట్టేసింది. ఏమైందని రాణివాసం అడిగింది, మంత్రులు అడిగారు. గుర్రం మీంచి పడ్డానని చెప్పడానికి నోరు రాలేదు. భటుల గుసగుసలు మాత్రం అప్పటికే కోటంతా పాకాయి. అటువంటి అదను కోసమే కనిపెట్టుకుని ఉండేవాడు ఆస్థాన భూతవైద్యుడు కాలదండి. మెడనిండా రుద్రాక్షలు, నుదుటినిండా కుంకం, కడుపునిండా రాజుగారి అన్నం.

"ఏలినవారు పడటమేమిటి? వినడానికే అపచారం!" అన్నాడు కాలదండి. "తమరు పడలేదు. పడదోశారు. గుర్రం బెదిరినప్పుడు అక్కడెవరన్నా ఉన్నారా?"

"ఒక ఆడమనిషి వచ్చింది" అన్నాడు రాజు.

"వల్లకాట్లోంచా?"

"వల్లకాట్లోంచే."

"ఆమె పాదాలు ముందుకున్నాయా, వెనక్కున్నాయా?"

"ముల్లు తీయించుకునేవాడు పాదాలేం చూస్తాడయ్యా?"

"చూశారా! తమర్ని చూడనివ్వలేదు!" అని కాలదండి చప్పట్లు చరిచాడు. "సందేహం లేదు. ఆమెకు దయ్యం పట్టింది. అమావాస్యనాడు మిట్టమధ్యాహ్నం, ఆ వల్లకాట్లోనే చింతబరికెలతో కొట్టి వదిలించాలి. ఆ తర్వాత ఆమెను పొలిమేర దాటించాలి."

అది విన్నాక రాజుగారి నడుం నొప్పి సగం తగ్గింది. పడింది తన చేతకానితనం వల్ల కాదని తేలింది కదా! బంగారిని తెప్పించి చెరసాలలో వేయించాడు. పచ్చి చింతబరికె ఎలాంటిదో పడ్డవాళ్లకు తెలుస్తుంది. అది వంగుతుందే గానీ విరగదు. కొట్టేవాడు అలిసిపోవాల్సిందే. తన ఒంట్లో ముళ్లు తీసిన మనిషి ఒంటి మీద ఆ బరికెలు ఆడించమని చెప్పడానికి ఆ దొరకు మాట తడబడలేదు.

రాజుగారి తాంబూలపు పెట్టె మోసి, ఆకులు చుట్టి అందించే కొలువును అడపం అంటారు. ఆ కొలువు ఎల్లమందది. అతని తండ్రి ఇప్పటి రాజుకు తాతగారైన ప్రతాపభైరవుడి దగ్గర అదే పని చేశాడు. ఎల్లమందకు రాజు పక్కనే చోటు, నోట్లో ఎప్పుడూ ఒక చమత్కారం. నోట్లో వక్క ఉన్నంతసేపు ఊరుకునేవాడు. వక్క అరిగిందా, ఎదుట ఎవరున్నా వదిలేవాడు కాదు.

ఆ సాయంత్రం కోట గుమ్మం దగ్గర ఒక మనిషి గోడకు తల ఆనించి నిలబడి ఉన్నాడు. బంగారి పెనిమిటి సింగన్న.

"ఏం జరిగింది రా అబ్బాయ్?" అని అడిగాడు ఎల్లమంద.

"పొదలోంచి కౌజుపిట్ట లేచిందట సామీ. దొర గుర్రం మెడ పట్టుకుని జారిపోయాడట. ఇది పోయి లేపింది. లేపకుండా ఇంటికొచ్చేసినా బతికిపోయేది."

'లేపకుండా వచ్చేసినా బతికిపోయేది.' ఎల్లమంద గుండెల్లో ఆ మాట ముల్లులా దిగింది. లోపలికి పోయి రాజును కడిగేద్దామనుకున్నాడు. కడిగితే ఏమవుతుంది? ఒక వీపుకు బదులు రెండు వీపులు చిట్లుతాయి. కోపం దిగమింగి ఇంటికి పోయాడు.

మర్నాడు కొలువులో ఆకులకు సున్నం రాస్తూ తీరిగ్గా మొదలుపెట్టాడు.

"కాలదండి స్వామీ, నాకు చదువు తక్కువ. చచ్చిన మనిషి దయ్యం ఎందుకవుతాడండీ?"

"తీరని కోరికతో పోతే అవుతాడు."

"ఎవరైనా అవుతారా? లేకపోతే పేదవాళ్లేనా?"

"ప్రేతత్వానికి అంతస్తులు లేవు!" అన్నాడు కాలదండి, గొంతు పెంచి. ఆ మాటకు సభ అంతా తలలూపింది.

"మరి పట్టిందని గుర్తేమిటి?"

"గొంతు మారుతుంది. ఎవరికీ తెలియని గుట్టు చెబుతుంది. ఎదుట సాక్షాత్తు రాజున్నా ఒరే అంటుంది."

"బంగారి ఎవరినన్నా ఒరే అందా స్వామీ? చెరసాలలో నోరే విప్పలేదంటున్నారు."

కాలదండి రుద్రాక్షలు సవరించుకున్నాడు. "ఆమెకు పట్టింది మూగదయ్యం" అన్నాడు.

"ఓహో, అందులో మూగవి కూడా ఉంటాయన్నమాట! మరి బరికెలతో కొడితే మనిషికి నొప్పి పుట్టదా?"

"మూఢుడా! దెబ్బ దయ్యానికే తగులుతుంది. మనిషికి చీమ కుట్టినట్టైనా ఉండదు."

ఎల్లమంద రాజువైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "మహాప్రభూ, ఈ వైద్యం ఈ ఒక్క ఆడకూతురికేనా, అందరికీనా? రేపు నాబోటివాడికి పట్టినా ఇదేనా?"

"మాకు పక్షపాతమా?" అని రాజు మీసం దువ్వాడు. "మా రాజ్యంలో ఎవరికి దయ్యం పట్టినా ఇదే వైద్యం. ఇది మా శాసనం."

"ప్రభువులది గొప్ప మనసు" అని ఎల్లమంద ఆకు చుట్టి అందించాడు.

అమావాస్య వచ్చింది. మిట్టమధ్యాహ్నానికి జనం వల్లకాటి గోడ చుట్టూ, గోడ మీదా మూగారు. ఒక మనిషిని కొడుతుంటే చూడటానికి మరమరాలు మూటగట్టుకుని మరీ వచ్చారు. రాజుగారి పల్లకీ గుమ్మం దగ్గరే ఆగింది. తలపాగాలో వేపమండ, మెడలో నిమ్మకాయల దండ. తెర సందులోంచి ఒక్క కన్నే బయటికి కనబడుతోంది. మేదరవాడవాళ్లు దూరంగా బిక్కచచ్చి నిలబడ్డారు.

ఎండ చురుక్కుమంటోంది. కాలదండి నీడ కోసం చూశాడు. రాతి సమాధుల్లో ఒకదాని మీద సగం కూలిన మండపం కనబడింది. బంగారిని ఆ మండపం స్తంభానికి కట్టించి, తాను చల్లగా కప్పుకింద నిలబడ్డాడు. అది ఎవరి సమాధో అతనికి తెలియదు. రాజుకూ తెలియదు. ఇన్నేళ్లలో అక్కడికి ఎవరైనా తొంగి చూసిందెప్పుడు గనుక? ఎల్లమందకు మాత్రం తెలుసు. బతికున్నన్నాళ్లూ అతని తండ్రి అక్కడ దీపం పెట్టేవాడు.

కాలదండి మంత్రాలు చదివి బరికె ఎత్తాడు. బంగారి కళ్లు మూసుకుంది.

"హోయ్!" అని పెద్ద కేక.

ఎల్లమంద తాంబూలపు పెట్టె విసిరికొట్టాడు. ఆకులు, వక్కలు ఎగిరి చెల్లాచెదురయ్యాయి. గిరగిరా తిరిగి కింద పడి, మళ్లీ మెల్లగా లేచాడు. లేచినవాడి నడుం నిటారుగా ఉంది. చెయ్యి మీసం మీద ఉంది. గొంతు ముసలిదై, మధ్యలో దగ్గు కూడా వస్తోంది.

"ఒరేయ్ గుమ్మడీ! పల్లకీ దిగరా!"

తెర వెనక రాజు ఉలిక్కిపడ్డాడు. చిన్నప్పుడు బొద్దుగా ఉండేవాడని తాతగారు పెట్టిన ముద్దుపేరది. ఆయన పోయాక ఆ పేరుతో పిలిచే ధైర్యం ఎవరికీ లేదు.

"తా... తాతగారూ?"

"గుర్తుపట్టావా? సంతోషం. నా గుమ్మానికి దీపం పెట్టే తీరిక లేదు గానీ, నా స్తంభానికి ఆడకూతుర్ని కట్టించే తీరిక దొరికింది నీకు. దిగు!"

రాజు దిగాడు. వేపమండ ఊగిపోతోంది. "తమరు... తమరు దయ్యమెందుకయ్యారు తాతగారూ? తీరని కోరికేమిటి?"

"గోంగూర పచ్చడిరా!" అన్నాడు తాతగారు. "ఎర్ర గోంగూర, మీద ఇంత పచ్చి ఉల్లిపాయ. వేడి చేస్తుందని మీ రాజవైద్యుడు చివరి రోజుల్లో ఒక్క ముద్ద ముట్టనివ్వలేదు. మీ నాన్న నా మంచం పక్కనే కూర్చుని లొట్టలేస్తూ తిన్నాడు, వెధవ!"

రాజుకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ పూట తానూ అక్కడే ఉన్నాడు మరి.

"సరే గానీ, గుర్రం మీంచి ఎలా పడ్డావురా?"

"దయ్యం పడదోసింది తాతగారూ..."

"ఎవర్రా ఆ దయ్యం? ఇక్కడున్నది నేను. నేను పడదోశానా? కౌజుపిట్ట లేచింది. నువ్వు కళ్లెం వదిలేసి, గుర్రం మెడ పట్టుకుని జారిపోయావు. చిన్నప్పుడు మేక మీద ఎక్కించినా ఇంతేగా నువ్వు!"

బోయీలు భుజం తుండ్లు నోట్లో కుక్కుకున్నారు. గోడ మీద జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

తాతగారు కాలదండివైపు తిరిగాడు. "ఓయ్ బరికెల వైద్యుడా! నాకు తీరని కోరిక ఉంది. గొంతు మారింది. గుట్టు చెప్పాను. రాజును ఒరే అన్నాను. నీ గుర్తులన్నీ సరిపోయాయి. ఇంకా నిలబడ్డావేం? రా, కొట్టు!"

కాలదండి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"మా తాతగారి మీద దెబ్బ పడిందంటే నీ చెయ్యి తీయిస్తాను!" అని అరిచాడు రాజు.

"కొట్టకపోతే శాసనం తప్పినట్టు" అన్నాడు తాతగారు దగ్గుతూ. "ఎవరికి పట్టినా ఇదే వైద్యమని రాజు నోటితోనే అన్నాడు. నొప్పి మనిషికి కాదు, దయ్యానికేనని నువ్వన్నావు. అంటే దెబ్బలన్నీ నాకే. కానీయ్!"

ఇదంతా దొంగ పూనకమని కాలదండికి తెలుసు. పూనకాలు అమ్ముకుని బతికేవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ దొంగదని అంటే, బంగారిది మాత్రం నిజమని ఎలా నిలబెట్టాలి?  చివరికి బరికె కింద పడేసి చేతులు జోడించాడు.

"మహాప్రభూ, పొరబడ్డాం! ఇది దయ్యం కాదు. పెద్దలు! తమ వంశంలో పెద్దలు ఆవహించారు. పెద్దలకు పూజ చెయ్యాలి గానీ దెబ్బలు కొట్టకూడదు. ఎవరక్కడ? కొబ్బరికాయ తెండి!"

ఆ మాట కోసమే ఇంతసేపూ కాచుకున్నాడు ఎల్లమంద. మీసం మీద చెయ్యి తీసేశాడు. దగ్గు ఆగిపోయింది.

"మహాప్రభూ, నేను ఎల్లమందనే. నన్నెవరూ పట్టలేదు. నాకేం శిక్ష వేస్తారో తర్వాత వెయ్యండి. ముందు ఈ స్వామి నోటి నుంచి ఊడిపడ్డ మాట వినండి. ఇటు రాతికింద పడుకున్నవాళ్లు పెద్దలట. అటు మట్టికింద పడుకున్నవాళ్లు దయ్యాలట. ఒక్కటే వల్లకాడు, ఒక్కటే చావు. మీ ఇంట్లో పోతే కొబ్బరికాయా, మా వాడలో పోతే చింతబరికా? అంతస్తులు లేవని నిండు కొలువులో అరిచింది ఎవరు స్వామీ?"



అప్పుడు బంగారి నోరు విప్పింది.

"దొరా, నా బిడ్డ దయ్యమూ కాదు, పెద్దలూ కాదు. పసిగుడ్డు. దానికింకా పేరే పెట్టుకోలేదు. ఆ దిబ్బలోనే ఉంది. పాలు ఆగక సలుపుతుంటే రోజూ పొద్దున్నే వచ్చి అక్కడ పిండిపోతున్నాను. ఇంకెక్కడ పొయ్యమంటారు? ఆ రోజూ అందుకే వచ్చాను."

గోడ మీద మరమరాలు నమిలే చప్పుడు ఆగిపోయింది.

రాజు నిమ్మకాయల దండ తీసి పక్కన పెట్టాడు. "ఆమె కట్లు విప్పండి" అన్నాడు భటులతో.

"భటులు తమరు కట్టమంటేనే కట్టారు ప్రభూ" అన్నాడు ఎల్లమంద. "కట్టమన్నవారే విప్పితే బాగుంటుంది."

రాజు సమాధుల మధ్యకు నడిచాడు. ఒకటికి రెండుసార్లు వెనక్కి చూశాడు గానీ ఆగలేదు. ముడి మీద చెయ్యి వేశాడు. లాగినకొద్దీ ముడి మరింత బిగుసుకుంటోంది.

"ఆ కొస కాదు దొరా" అంది బంగారి. "కింది కొస లాగండి."

తాడు ఊడింది. రాజుకు నవ్వొచ్చింది. మొదట కొద్దిగా, తర్వాత ఆపుకోలేనంతగా. "గుర్రమెక్కడం రాదు, ముడి విప్పడం రాదు, రాజ్యం మాత్రం ఏలుతున్నాను!" అంటూ పట్టేసిన నడుం పట్టుకుని మరీ నవ్వాడు. "ఎల్లమందా! గోంగూర సంగతి నీకెలా తెలిసిందిరా?"

"తాతగారి కోసం ఆ పచ్చడి దొంగతనంగా తీసుకెళ్తూ దొరికి తన్నులు తిన్నది మా నాన్నే ప్రభూ."

రాజు మళ్లీ నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి ఎల్లమంద మెడలో వేశాడు. ఎల్లమంద కాదనలేదు. పనివాడు పని చేసినందుకు తీసుకుంటే సిగ్గుపడాల్సిందేముంది?

కథలు చెప్పేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. రాజు నవ్వాడు, బహుమానమిచ్చాడు, అందరూ ఇళ్లకు పోయారంటారు. అప్పటిదాకా స్తంభానికి కట్టేసి ఉన్న మనిషి ఏమైందని ఎవరూ అడగరు. నాకు ఆ అలవాటు లేదు.

నవ్వు తగ్గాక రాజు చూపు కాలదండి మీద పడింది. "వీణ్ణి ఇదే స్తంభానికి కట్టి, ఇవే బరికెలతో కొట్టండి! వీడికి పట్టిన దయ్యం వదలాలి!"

జనం హో అన్నారు. అప్పటిదాకా బంగారిని కొడితే చూద్దామని వచ్చిన జనమే.

"వద్దు దొరా" అంది బంగారి, ఒరుసుకుపోయిన మణికట్లు నిమురుకుంటూ. "మనిషికే తగులుతుంది."

రాజు ముఖంలో మిగిలిన నవ్వు కూడా పోయింది. బరికెల మోపు అక్కడే వదిలేయమన్నాడు. ఇక కోటలో అడుగు పెట్టవద్దని కాలదండికి చెప్పాడు. రుద్రాక్షలు గలగలలాడించుకుంటూ కాలదండి పోతుంటే జనం దారి ఇచ్చారు. దండం మాత్రం ఎవరూ పెట్టలేదు.

"నీకేం కావాలో అడుగమ్మా" అన్నాడు రాజు బంగారితో. అమ్మా అనడం అతనికి కొత్త.

"ఏం వద్దు దొరా. ఇన్నాళ్లూ చెరసాలలో ఉంచారు. బిడ్డ దగ్గరికి పోయొస్తాను."

ఆమె మట్టి దిబ్బలవైపు నాలుగడుగులు వేసింది. రాజు పల్లకీవైపు చూశాడు, ఆమెవైపు చూశాడు. ఆమె దాటిన జిల్లేడు మొక్కల దాకా వెళ్లి ఆగిపోయాడు.

"మేమూ రావచ్చునా?"

బంగారి వెనక్కి తిరిగింది. ముళ్లు తీసిన రోజున చూడని చూపుతో ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది.  చుట్టూ ఉన్న భటులు, మంత్రులు, రాజు, అందరూ ఆ మేదర ఆడకూతురి మాట కోసం ఎండలో నిలబడ్డారు.

"రండి దొరా" అంది చివరికి. "చెప్పులు విప్పి రండి."

రణభైరవ భూపతి చెప్పులు విప్పాడు.